గద్దె కింది పొయ్యి రాళ్లు

చిలుకమ్మకు కోపం వస్తే ముందు గరిటె ఆగుతుంది. పెళ్లింట్లో పదిమంది చుట్టూ మూగి, ఉప్పు చాలలేదని ఒకరు, కారం ఎక్కువైందని ఒకరు నస పెడుతున్నా ఆమె చెయ్యి తిరుగుతూనే ఉంటుంది. అది ఆగిందంటే మాత్రం ఎవరికో మూడినట్టేనని బస్తీలో అందరికీ ఎరుకే. ఈ యేడు మే నెలలో ఆ గరిటె ఆమె సొంత వంటింట్లోనే ఆగింది. కట్టుకున్నవాడి మాటకు ఆగింది.

హన్మకొండ నుంచి హసన్‌పర్తి పోయే రోడ్డు పక్కన వాళ్ల బస్తీ. చిలుకమ్మ ఫంక్షన్లకు వండుతుంది. పెళ్లయినా, దినమైనా, చర్చిలో పండుగ విందైనా ఆ చుట్టుపక్కల పెద్ద గంజు పొయ్యెక్కిందంటే దాని వెనక ఆమె ఉన్నట్టే. భర్త రాయమల్లు ఆటో తోలుతాడు. మాట మెత్తన, మొండితనం గట్టి.

ఎండలు ముదిరాక ఒక పొద్దున రాయమల్లు సజ్జ మీది ఇనుప కూలర్ దించాడు. దుమ్ము దులిపి, కొత్త గడ్డి పెట్టి, కిటికీ దగ్గర స్టూలు మీద నిలబెట్టి, బిందెతో నీళ్లు పోశాడు. సగం నీళ్లు కిందికే కారి గచ్చంతా తడి అయింది. ఆ తడిలో ఉత్త కాళ్లతో నిలబడి స్విచ్ వేసి, కూలర్‌ను కిటికీకి సూటిగా జరపబోయి, చెయ్యి వెనక్కి గుంజుకున్నాడు. గుంజుకుని నవ్వాడు.

“ఏందయ్యా?” అంది పొయ్యి దగ్గరి నుంచి చిలుకమ్మ.

“ఏం లేదే. జర జుమ్మన్నది.”

“ముందుగాల స్విచ్ బంద్ చెయ్యి. వెల్డింగ్ సుందర్ రావన్నను పిలిచి సూపెట్టు. చెప్పులు లేకుంట మల్ల ముట్టకు.”

“ఏం గాదు తియ్యి. పోయినేడు జెండా కాడ ఇంతకంటె ఎక్కువనే జుమ్మన్నది. ఏమన్న అయిందా నాకు?”

గరిటె ఆగింది.

“ఏ జెండా కాడ?”

నోరు జారాక గానీ రాయమల్లుకు తెలివి రాలేదు. ఆటో టైరు అరిగిందనే ముచ్చట ఎత్తాడు. ఆమె స్టవ్ ఆర్పింది. కూలర్ ప్లగ్గు పీకింది. వచ్చి గడపకు అడ్డం కూర్చుంది. చెప్పేదాకా లేచేది లేదంది. బయట ఆటో స్టాండులో అతని వంతు వచ్చి పోతోంది. ఇక తప్పక చెప్పాడు.

జూన్ రెండు తెలంగాణ ఆవిర్భావ దినం. బస్తీ మొదట్లో, రోడ్డు మలుపు దగ్గర సిమెంటు గద్దె ఉంది, దాని నడుమ పైపు దిగేంత గుంత ఉంది. జెండా పైపును ఏడాది పొడవునా అక్కడ ఉంచరు. ఉంచితే తెల్లారేసరికి పాత ఇనుము కొట్టుకు చేరుతుందని భయం. కమ్యూనిటీ హాలు గోడ వారన పడుకోబెట్టి, ఆ పొద్దున నలుగురు మగవాళ్లు మోసుకొచ్చి నిలబెడతారు. పైపు పాదం పట్టుకుని గుంతలోకి దించే పని మొదటి నుంచీ రాయమల్లుదే. గద్దె అంటే దేవుడి గద్దెతో సమానమని అందరూ చెప్పులు దూరంగా విడుస్తారు. అంతకు ముందే చిలుకమ్మా, పక్కింటి రూతూ కలిసి చుట్టూ పేడనీళ్లు చల్లి ముగ్గేస్తారు. అంటే ఇనుప పైపు, ఉత్త కాళ్లు, తడి నేల. వీటికి తోడు ఇప్పుడు నెత్తిమీద కరెంటు తీగ.

ఆ తీగ మొదట్లో లేదు. వెనకాల అపార్టుమెంట్లు లేచాక వాటి కోసం గుంజిన పెద్ద లైను గద్దె మీదుగా పోయింది. ఆ యేడు అందరూ తల ఎత్తి చూశారు. జరిపించాలన్నారు. మరుసటి యేడు తల ఎత్తడం కూడా మానేశారు. పైగా పక్క కాలనీ వాళ్ల జెండా తమకన్నా ఎత్తు కనబడుతోందని పైపుకు ఇంకో ముక్క అతికించారు. తీగ వీళ్ల మీదికి దిగి రాలేదు. వీళ్లే పనిగట్టుకుని తీగ దాకా ఎదిగారు.

పోయిన జూన్‌లో పైపు లేపుతుంటే గాలికి కొస ఊగింది. పైన చిటచిటమంది. కాకులు లేచాయి. ఆ చప్పుడు చిలుకమ్మ కూడా విన్నది, ఎవరో టపాకాయ కాల్చారనుకుంది. పాదం పట్టుకున్న రాయమల్లుకు మాత్రం అరచేతుల్లోంచి మోచేతుల దాకా ఏదో పాకింది. మిగతా ముగ్గురికీ అంతే. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. జెండా ఎగిరింది, లడ్డూలు పంచారు. ఇంట్లో ఆడవాళ్లకు చెప్పొద్దని నలుగురూ ఒట్టేసుకున్నారట. బుద్ధిమంతులు.

“గింత జుమ్మన్నది, గంతే,” అన్నాడు రాయమల్లు చివరికి.

ఆ మాట చిలుకమ్మ ఇంతకు ముందే విన్నది. ఆమె పుట్టిల్లు పరకాల దిక్కు. అన్న కుమారస్వామి పొలంలో మోటరుకు ఒక స్టార్టర్ డబ్బా ఉండేది. అది ముట్టుకుంటే జుమ్మంటుందని ఊరందరికీ తెలుసు. తెలిసినవాళ్లు కట్టెపుల్లతో మీట నొక్కేవాళ్లు, తెలియనివాళ్లకు నవ్వుతూ చెప్పేవాళ్లు. ఒకనాడు పుల్ల దొరకలేదో, తొందరపడ్డాడో, కుమారస్వామి మడిలోంచి తడి కాళ్లతో వచ్చి చేత్తో నొక్కాడు. అప్పటికి చిలుకమ్మకు పెళ్లై పట్టుమని ఏడాది కాలేదు. ఆమె పోయేసరికి అన్న వాకిట్లో పడుకుని ఉన్నాడు, ఒంటి మీద గీత కూడా లేదు. ఆ డబ్బా సంగతి ముందే తెలిసి ఊరుకున్న వాళ్లంతా వరసగా వచ్చి, గుండెలు బాదుకుని ఏడ్చి పోయారు. చిలుకమ్మకు వాళ్ల ఏడుపు చూసి దుఃఖం రాలేదు, ఒళ్లు మండింది. ఆ మంట ఇప్పటికీ ఆరలేదు.

“ఈ యేడు నువ్వు ఆ పైపు పట్టవు,” అంది గడప మీది నుంచి లేస్తూ.

“పట్టకుంటే ఎట్లనే? పదేండ్ల సంది నేనే పడ్తాన్న. భయపడి తప్పుకున్నడంటరు. నలుగుర్ల మొకమెట్ల సూపెట్టాలె?”

“మొకం ఉంటే కద, సూపెట్టుటానికి.”

అతను ఆటో తీసుకుని వెళ్లిపోయాడు. ఆమె కొంగు దోపుకుని శ్యాంసుందర్ ఇంటికి బయల్దేరింది.

శ్యాంసుందర్ రిటైరయిన హెడ్మాస్టరు, బస్తీ కమిటీకి ప్రెసిడెంటు. భార్య పద్మలత పోయిన నాటి నుంచీ ఒక్కడే ఉంటున్నాడు. చెడ్డవాడు కాడు. ఎవరికి కష్టం వచ్చినా ముందు నిలబడతాడు. అయితే నిలబడగానే ఉపన్యాసం మొదలవుతుంది, అదీ ఇబ్బంది.

“కరెంటు ఆఫీసుల మాట్లాడిన చిలుకమ్మా. లైను జరుపుతమన్నరు,” అన్నాడు.

“ఎప్పుడు జరుపుతరు సారూ?”

“టైం పడ్తది కదమ్మా.”

“పట్టనియ్యండ్రి. అప్పటిదాంక జెండా వేరే కాడ పెడ్దాం. రోడ్డవతల చలివేంద్రం పందిరి పక్కపొంటి జాగ ఉన్నది. మీద తీగ లేదు, చెట్టు లేదు.”

శ్యాంసుందర్ కళ్లద్దాలు తీశాడు. కళ్లద్దాలు తీస్తే ఉపన్యాసం వస్తోందని గుర్తు. “గద్దె ఉన్నది ఉత్త జాగ కాదమ్మా. చరిత్ర. సకల జనుల సమ్మెల మనం వంటావార్పు చేసిన జాగ. ఆనాటి పొయ్యి రాళ్ల మీదనే గద్దె కట్టినం. ఆ పొయ్యి అంటే ఏమనుకున్నవు? చరిత్రను ఎవరన్న పక్కకు జరుపుతరా?”

ఎవరికి చెబుతున్నాడో ఆ మనిషికి తట్టనే లేదు. ఆనాడు రోడ్డు మలుపులో ఆ పొయ్యి పెట్టింది చిలుకమ్మ. రూతు, పద్మలత ఆమెకు రెండు చేతులు. ముగ్గురూ మూడు రాళ్లు ఇళ్లలోంచి మోసుకొచ్చారు. మగవాళ్లు డప్పు కొట్టారు, నినాదాలిచ్చారు, బస్సులకు అడ్డంగా పడుకున్నారు. ఆడవాళ్లు పొగలో కళ్లు తుడుచుకుంటూ ఆ రోడ్డంతటికీ కిచిడీ వండారు. పోలీసులు వచ్చి రోడ్డు ఖాళీ చెయ్యమంటే, అన్నం దమ్ము మీద ఉంది, దిగాక మాట్లాడదామని చిలుకమ్మే అంది. వాళ్లకూ వడ్డించింది. రాష్ట్రం వచ్చాక ఆ రాళ్లు పునాదిలో వేసి గద్దె కట్టారు. దాని మీది పలకలో కమిటీ మగవాళ్ల పేర్లు వరసగా చెక్కించారు. అడుగున “మరియు కాలనీ ఆడపడుచులు” అని ఉంది. ఆ ‘మరియు’ కింద ముగ్గురు మనుషులు, మూడు రాళ్లు సమాధి అయ్యారు.

ఇదంతా ఆయనకు గుర్తు చెయ్యకుండానే చిలుకమ్మ వెనక్కి వచ్చింది. సారు పెద్దమనిషి అని ఊరుకుంది.

ఆదివారం కమిటీ మీటింగు పెట్టారు. చిలుకమ్మ రూతును వెంటబెట్టుకుని పోయింది. రూతు మాట్లాడే మనిషి కాదు. అయినా ఆమె భర్త సుందర్ రావు కూడా ఆ నలుగురిలో ఒకడు. వెల్డింగ్ షాపు అతనిది, పైపుకు ఆ దిక్కుమాలిన ముక్క అతికించింది అతనే.

జాగ మార్చకపోతే పోనీ, పైపన్నా కోయండి అంది చిలుకమ్మ. పక్క కాలనీ వాళ్ల ముందు తలవంపులన్నారు. చెప్పులన్నా వేసుకోండి అంది. జెండా కాడికి చెప్పులతోనా అని చెవులు మూసుకున్నారు. నేనైతే ఈసారి నీళ్లు చల్లనంది. నువ్వు కాకపోతే ఇంకొకరు చల్లుతారన్నారు. వెనక బెంచీలో ఎవడో, ఆడోళ్లకు అన్నిటికీ భయమేనన్నాడు. హాలంతా నవ్వింది. రాయమల్లు కూడా సగం నవ్వి, భార్య చూస్తోందని ఆపుకున్నాడు. సుందర్ రావు ఒక్కడే నవ్వలేదు, తల వంచుకుని చేతులు చూసుకుంటున్నాడు.

ఆ సగం నవ్వు చిలుకమ్మకు అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకుంది. తన భయం అతని కోసం. అతనేమో ఆ భయాన్ని చూసి పదిమందితో కలిసి నవ్వుతున్నాడు. ఇంటికొచ్చి వంట చేసింది, వడ్డించింది, మాట్లాడలేదు. అతను రెండుసార్లు పలకరించి చూశాడు. కూర బాగుందన్నాడు. ఆమె గరిటె కింద పెట్టి లోపలికి పోయింది.

జూన్ ఒకటిన పొద్దెక్కుతుండగా మలుపు దగ్గర దబదబమని చప్పుడు వినబడింది. చలివేంద్రం దగ్గర నీళ్లు తాగుతున్న వాళ్లు ముందు చూశారు. చిలుకమ్మ చీర మోకాళ్లకు ఎగగట్టి, గడ్డపార రెండు చేతులా ఎత్తి గద్దెను పొడుస్తోంది. కొత్త రంగు పూసిన గద్దె పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. పక్కన రూతు గంపలోకి పెళ్లలు ఎత్తి పోస్తోంది. కట్టిన మహానుభావులెవరో సిమెంటు తగ్గించి ఇసుక దండిగా కలిపారు, అందుకని పని తొందరగానే సాగుతోంది.

కబురు బస్తీలో ఇంటింటికీ పాకింది. కమిటీ పరుగెత్తుకొచ్చింది. ఎవరూ గడ్డపారకు దగ్గరగా రాలేదు.

“చిలుకమ్మా, పోలీసు కేసయితది,” అన్నాడు శ్యాంసుందర్ రొప్పుతూ. “రేపు జెండా పండుగ పెట్టుకొని గద్దె పలగ్గొడ్తవా? ఇది నీ ఇల్లా?”

“నా పొయ్యి సారూ ఇది. నా పొయ్యి నేను తీసుకపోతాన్న. మీ సిమెంటు మీకే ఇడిశిపెడ్త.”

రాయమల్లు ఆటో రోడ్డు మధ్యనే ఆపి దిగాడు. సిగ్గుతో మొహం కందగడ్డ అయింది. “ఏంజేస్తానవే? ఇంటికి పా. నలుగుర్ల ఇజ్జత్ తీస్తానవు.”

చిలుకమ్మ గడ్డపార నేలకు దించి, దాని మీద చేతులు ఆనించి అతని వైపు తిరిగింది. మీటింగు తర్వాత అతనితో మాట్లాడటం అదే మొదలు.

“నీ పానం కంటె నీ ఇజ్జత్ బరువయిందా? రేపు నువ్వు ఈడ్నే పడ్తవు. పడ్డంక గీల్లందరు వస్తరు, పూలదండలేస్తరు, సారు స్పీచిస్తడు. నీ పేరు గీ గద్దె మీద పెద్ద అక్షరాలతోని చెక్కుతరు. నేను నీ పేరు సూసుకుంట బతకాల్నా? మా అన్న పోయిన్నాడు గూడ గిట్లనే వచ్చిండ్రు. అందరికి ఎర్కనే. అందరు జుమ్మంటది గంతే అన్నోళ్లే. నాకు మల్ల గా ఏడ్పు సూసే ఓపిక లేదు.”

కుమారస్వామి పాడె ఒక కొమ్ము మోసినవాడు రాయమల్లు. ఇన్నాళ్లూ ఆ చావూ, ఈ పైపూ అతని బుర్రలో వేరు వేరు గదుల్లో ఉన్నాయి.

ఆమె మళ్లీ గడ్డపార ఎత్తింది. కాసేపటికి మొదటి రాయి బయటపడింది. మసి ఇంకా పోలేదు. రెండోది రూతు ఇంటి వెనకాల గోడది, రూతు దాన్ని తడిమి గంప పక్కన పెట్టుకుంది. మూడోది దొర్లించేసరికి అది మామూలు రాయి కాదని తెలిసింది. పగిలిన ఇసుర్రాయిలో సగం. గుండ్రటి అంచు, నడిమి బెజ్జంలో సగం, పైన ఉలితో చెక్కిన గీతలు.

శ్యాంసుందర్ రెండడుగులు ముందుకు వేశాడు. కళ్లద్దాలు తీశాడు, కానీ ఉపన్యాసం రాలేదు.

“ఇది మా అమ్మది,” అన్నాడు. “దీని ఇంకో సగం మా బట్టలుతికే కాడ ఉన్నది. ఈ సగమేదని పద్మలతను ఎన్నోసార్లు అడిగిన. తెల్వదన్నది.”

“మీరు కోపం చేస్తరని చెప్పలే. చంకల పెట్టుకొని మోసుకచ్చింది ఆనాడు. మీరు మైకు కాడ ఉన్నరు.” చిలుకమ్మ గొంతు తగ్గలేదు. ఇన్నేళ్ల ‘మీరు’ మాత్రం అక్కడే జారిపోయింది. “పదేండ్ల సంది గీ గద్దె ఎక్కి చరిత్ర చరిత్ర అంటవు సారూ. కింద నీ ఇంటి రాయున్నదని నీకే ఎర్క లేదు. నీకు రాళ్లు గావాల్నా, సిమెంటు గావాల్నా?”

అటుగా పోతున్న బస్సు హారన్ కొట్టింది, రోడ్డు మధ్య ఆటోను తీయమని. రాయమల్లు కదల్లేదు.

“మా రెండు మేము మోస్తం,” అంది చిలుకమ్మ. “మీ ఇంటిది నువ్వు మొయ్యి.”

శ్యాంసుందర్ వంగాడు. మొదటిసారి లేవలేదు. సుందర్ రావు సాయం పట్టబోతే వద్దన్నాడు. రెండోసారి రాయిని పొట్టకు ఆనించుకుని లేచాడు, తెల్ల చొక్కా నిండా మసి అయింది. రోడ్డు దాటి చలివేంద్రం పక్కన ఖాళీ జాగాలో, ఆ ఇద్దరాడవాళ్లు చూపిన చోట దించాడు. దించి, దాని మీద చెయ్యి పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. ఆయన్ను అలా చూసి చిలుకమ్మకు జాలి కలిగింది. కోపం మాత్రం జాలికి జాగా ఇచ్చి పక్కకు జరగలేదు.

“పైపు సంగతి?” అంది సుందర్ రావు వైపు తిరిగి.

“ఇప్పుడే కోస్త అక్కా,” అన్నాడు అతను. షాపుకు పోయి మిషన్ తెచ్చి అందరి ముందే కోశాడు. తాను అతికించిన ముక్కే కాక, దాని కింద ఇంకో ముక్క కూడా కోశాడు. వెళ్తూ వెళ్తూ చిలుకమ్మ ఇంట్లోకి పోయి కూలర్ విప్పి చూశాడు. లోపల మోటరు వైరు తొడుగు ఒలిచిపోయి రేకుకు ఆనుకుని ఉంది.

జూన్ రెండున పొద్దున్నే బస్తీ మొత్తం రోడ్డవతలికి వచ్చింది. కొందరు జెండా కోసం వచ్చారు, ఎక్కువమంది చిలుకమ్మ ఇంకేం చేస్తుందో చూడటానికి వచ్చారు. ఆమె నీళ్లు చల్లలేదు. పొడి నేల మీదనే రూతు ముగ్గేసింది. నేలలో గుంత తవ్వి, మూడు రాళ్లూ దాని పక్కనే పొయ్యిగా పేర్చారు. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. పక్క కాలనీ జెండా ఇక్కడికి చక్కగా కనబడుతోంది, తమకన్నా చాలా ఎత్తులో ఉంది. దాన్ని చూసి ఒకరిద్దరు ముఖం చిట్లించారు.

నలుగురు మగవాళ్లు పొట్టి పైపు మోసుకొచ్చారు. రాయమల్లు పాదం దగ్గరికి వచ్చాడు. పైపు భుజం మీద ఉండగానే, అలవాటు కొద్దీ కాళ్లు విదిలించి చెప్పులు వదిలేశాడు. మిగతా ముగ్గురూ వదిలేశారు. గుంపులో ముందు వరుస మగవాళ్లంతా వదిలేశారు. శ్యాంసుందర్ కూడా.

చిలుకమ్మ గరిటె చేత్తో పట్టుకుని పొయ్యి ముందు నిలబడి ఉంది. ఉప్మా గంజులో నీళ్లు మరుగుతున్నాయి, రవ్వ పోయాలి. పోయలేదు.

“తొడుక్కో,” అంది.

రాయమల్లు ఆమెను చూశాడు. “జెండా కాడనే...”

“జెండాకేం గాదు. తొడుక్కో.”

ఆ మాటకు ముందు కదిలింది శ్యాంసుందర్. ముసలాయన వంగి, తన చెప్పులు వెతుక్కుని, అందరూ చూస్తుండగా ఒక్కొక్క కాలికీ తొడుక్కున్నాడు. ఆ తర్వాత సుందర్ రావు. చివరికి రాయమల్లు. అప్పుడు గుంపంతా చెప్పుల కోసం ఒకరి కాళ్ల దగ్గర ఒకరు వెతుక్కున్నారు.

పైపు లేచింది. జెండా విప్పుకునేటప్పుడు అందరూ దాని వైపు చూశారు. చిలుకమ్మ చూడలేదు. ఆమె చూపు పైపు అడుగున భర్త చేతుల మీదే ఉంది. అతను మట్టి పూడ్చి, కాలితో తొక్కి, చేతులు దులుపుకుని రెండడుగులు వెనక్కి వేసేదాకా అక్కడే ఉంది. ఆ తర్వాత గంజులో రవ్వ పోసి కలపడం మొదలుపెట్టింది.